కుర్చీ వెనక లైను

ఆ ఆదివారం పొద్దున్న కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి, అంతే. అక్కయ్య సామాను లారీ వచ్చేదాకా ఆ కాస్త జాగాలో ఇంకెవరి బండీ ఆగకుండా చూడాలి. కళ్ళద్దాల దుకాణం పెట్టుకుని ఇన్నేళ్ళూ కూర్చునే బతికిన మనిషికి ఇందులో కష్టమేముంటుందని ఎవరైనా అనుకుంటారు.

ఆయన కాపురం పెట్టిన కొత్తలో ఆ వీధిలో గేటుకి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నా అడిగే దిక్కు లేదు. తర్వాత ఎవరు ఎవరి చెవిన వేశారో గాని, ఇక్కడ ఉద్యోగాలున్నాయని, గాలి చల్లగా ఉంటుందని, మనుషులు మంచివాళ్ళని లోకమంతటికీ తెలిసిపోయింది. ఊళ్ళకి ఊళ్ళు తాళాలు వేసుకుని ఇక్కడికి వచ్చి పడ్డాయి. మేడలు లేచాయి, పార్కులు వచ్చాయి, ఏ వేళప్పుడు బయటికి వెళ్ళినా వేడివేడి కాఫీ దొరుకుతోంది. ఎటొచ్చీ అద్దె ఇల్లు, బడిలో సీటు, బండి ఆపుకునే జాగా మాత్రం ముందు నిలబడ్డవాడికే. దాంతో ఈ నగరంలో అందరికీ ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడైనా ఎవరైనా కదలకుండా ఉంటే చాలు, ముందు వెళ్ళి వాళ్ళ వెనక నిలబడతారు. ఎందుకు నిలబడ్డారో తర్వాత తీరిగ్గా కనుక్కుంటారు.

కళ్ళద్దాలాయనకి ఆ అలవాటు సంగతి తెలుసు. ఒకటి రెండు సార్లు తనూ అలాగే నిలబడి, చేర్పించే ఈడు పిల్లలెవరూ లేకపోయినా బడి దరఖాస్తు తెచ్చుకున్నాడు. కానీ ఆ పొద్దున్న ఆయన మనసు మనసులో లేదు. వచ్చేది అక్కయ్య. అమ్మ పోయాక తల్లి తర్వాత తల్లిలా పెంచి, కడుపు కట్టుకుని చదివించి, ఇంతవాణ్ణి చేసిన మనిషి. సొంత ఊళ్ళో సినిమా హాలు టికెట్ల కిటికీ వెనక కూర్చుని బతుకంతా వెళ్ళదీసింది. ఊళ్ళో జనం ఒక్కొక్కరే నగరం దారి పట్టాక హాలు మూతపడింది. అప్పట్నించీ వచ్చి తన దగ్గర ఉండమని తమ్ముడు బతిమాలుతూనే ఉన్నాడు. చిట్టచివరికి ఒప్పుకుంది గాని, ఒక మెలిక పెట్టింది.

"మీ ఊళ్ళో జనం మీద జనం పడి, ఊపిరాడదంటున్నారందరూ. వచ్చి చూస్తాను. నచ్చలేదా, సామాను దింపను. అదే లారీలో వెనక్కి పోతాను," అని ఫోన్లో తెగేసి చెప్పింది.

అందుకని కళ్ళద్దాలాయన పై వాటాకి కొత్తగా రంగు వేయించాడు. ఎదురింటివాళ్ళని బతిమాలి వాళ్ళ కుక్కని ఆ పూటకి లోపల కట్టేయించాడు. అక్కయ్య లారీ దిగేసరికి వీధి వీధంతా ప్రశాంతంగా ఉండాలని, ఒక్కసారి చూసి 'ఇక్కడే ఉంటానురా' అనాలని ఆయన ఆశ. ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్ళుగా ఎదురు చూస్తున్నాడో భార్యకి ఒక్కదానికే తెలుసు.

కుర్చీ తెచ్చి ఇచ్చింది ఆవిడే. జాగ్రత్త చెప్పింది కూడా ఆవిడే. "ఎవరేమడిగినా నోరు విప్పకండి. పోయినసారి ఫ్రిజ్ వస్తుందని నిజం చెబితే, రోడ్డేమైనా మీ తాతగారిదా అని ఒకాయన కారు తెచ్చి పెట్టేశాడు. ఈసారి ఊరుకుని కూర్చోండి చాలు," అంది.

ఆయన ఊరుకుని కూర్చున్నాడు. కాసేపటికి గళ్ళచొక్కా వేసుకున్న ఒకాయన నడుచుకుంటూ వచ్చి, ముందు కుర్చీని, తర్వాత కొత్త రంగు వేసిన పై వాటాని, ఆ తర్వాత కళ్ళద్దాలాయన మొహాన్ని పరకాయించి చూశాడు. ఏమీ అనకుండా వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఎన్నింటికండీ?" అన్నాడు మెల్లిగా.

కళ్ళద్దాలాయన బుర్రలో లారీ తప్ప ఇంకేమీ లేదు. "తొమ్మిదికల్లా అన్నారు," అనేసి, భార్య మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఇంకేమడిగినా బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. ఆ ఉండడమే కొంప ముంచింది. ఇంత గుట్టుగా కూర్చున్నాడంటే లోపల సంగతి పెద్దదే అయి ఉంటుందని గళ్ళచొక్కా రూఢి చేసుకుని, ఇంటికి ఫోన్ చేసి భార్యని రమ్మన్నాడు. ఆవిడ వస్తూ వస్తూ పక్క వాటా వాళ్ళని తీసుకొచ్చింది. పాల కోసం వెళ్తున్న ఇద్దరు ఆగారు. పరుగు తీస్తున్నవాళ్ళు పరుగు ఆపారు.

కళ్ళద్దాలాయన వెనక్కి తిరిగి చూసేసరికి వరస గోడ దాటి, పక్కింటి గేటు దాటి, మలుపు తిరుగుతోంది. ముందున్నవాళ్ళు కొత్త బడిలో సీట్లు ఇస్తున్నారనుకుంటున్నారు. ఆ మాట గోడ దగ్గరికి చేరేసరికి పేరుమోసిన ఎముకల డాక్టరు వస్తున్నాడని అయింది. మలుపు దగ్గరవాళ్ళు మాత్రం పై వాటా అద్దెకిస్తున్నారని తేల్చేశారు. ఒకావిడ ఫోన్లో, "బావగారూ, ఏమిటన్నది నాకూ తెలీదు, ముందు మీరొచ్చి నిలబడండి," అంటోంది.

కాఫీ పట్టుకుని బయటికి వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం చేశారు మీరు?" అంది.

"కూర్చున్నాను," అన్నాడాయన.

ఆవిడ చెప్పినట్టే చేశాడు మరి. ఇంక లాభం లేదని కళ్ళద్దాలాయన లేచి నిలబడి, ఇక్కడ ఏమీ లేదని, తన అక్కయ్య వస్తోందని, దయచేసి అందరూ ఇళ్ళకి వెళ్ళమని దండం పెట్టి మరీ చెప్పాడు. జనం ఆయన్ని జాలిగా చూశారు. లైనులో ముందున్నవాళ్ళందరూ ఇలాంటి కథలే చెబుతారని, పోటీ తగ్గించుకోవడానికి అక్కయ్యల్ని కూడా వాడేస్తారని ఒకాయన పైకే అన్నాడు. గళ్ళచొక్కా ఆయన భుజం తట్టి, "మీ చోటు ఎక్కడికీ పోదు లెండి, కూర్చోండి," అని ఓదార్చాడు. కళ్ళద్దాలాయన కూర్చున్నాడు.

ఆ తర్వాత వచ్చినవాడు కానిస్టేబులు. ఇంత జనం ఉన్నచోట బండ్లు తిరిగితే ప్రమాదమని వీధి మొగలో అడ్డంగా ఇనప కంచె పెట్టించాడు. ఏ బండీ లోపలికి రాకూడదని గట్టిగా చెప్పి, కుర్చీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, బడి సీట్లేనా అని అడిగాడు. తన కూతుర్ని కూడా ఈ ఏడే చేర్పించాలట. కళ్ళద్దాలాయన అతన్ని పట్టుకుని నిజం చెప్పబోతుండగా లారీ డ్రైవరు ఫోన్ చేశాడు.

"సార్, వీధి మూసేశారు. ఏదో గొడవలా ఉంది, ఇసక వేస్తే రాలేట్టు లేరు జనం. అమ్మగారు దిగి నడిచి వెళ్ళిపోయారు."

"ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు సార్. సామాను తాళ్ళు మాత్రం విప్పొద్దన్నారు."

కళ్ళద్దాలాయన ఇన్నాళ్ళ ఆశ ఒక్క పూటలో నీరుగారిపోయింది. అక్కయ్యని బతిమాలి, దండాలు పెట్టి రప్పించుకుని, ఊళ్ళో ఉన్న గుంపునంతా తానే పోగుచేసి ఆమె ఎదురుగా నిలబెట్టాడు. ఏడుపొచ్చినంత పనైంది. ఆయన కుర్చీలోంచి లేచాడో లేదో గళ్ళచొక్కా అందులో కూర్చున్నాడు. ఇప్పుడు ఆ జాగా పోయినా ఒకటే, ఉన్నా ఒకటే.

వరస పొడుగునా ఎదురు నడుస్తుంటే జనం ఆయన చేతుల వంక చూశారు. దొరికిందా అని కొందరు, ఇంకా మిగిలాయా అని కొందరు అడిగారు. మొహం వేలాడేసుకుని వస్తున్నాడు, పాపం రాలేదు కాబోలు అని ఒక పెద్దావిడ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు ఆయనకి సరిగ్గా గుచ్చుకుంది.

మలుపు తిరిగేసరికి ఒక వింత కనిపించింది. అక్కడిదాకా ఒకరి మీద ఒకరు పడుతూ వంకరటింకరగా వచ్చిన వరస, అక్కణ్ణించి గీత గీసినట్టు తిన్నగా ఉంది. ముసలివాళ్ళు గోడ మీద నీడలో కూర్చున్నారు, వాళ్ళ చోట్లు వాళ్ళకే ఉన్నాయి. పిల్లల తల్లులు ఒక పక్కకి జరిగి హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళందరి మధ్యా చీర కొంగు నడుముకి దోపుకుని, చెయ్యి ఊపుతూ తిరుగుతోంది అక్కయ్య.

తమ్ముణ్ణి చూడగానే, "ఈ లైను పెట్టిన తెలివితక్కువవాడెవడురా? మలుపు దగ్గర విడగొట్టకుండా ఎవడైనా ఇంత పొడుగు లాగుతాడా?" అంది.

"నేనే అక్కయ్యా," అని కళ్ళద్దాలాయన తల వంచుకుని, కుర్చీ దగ్గర్నించి కానిస్టేబులు దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అక్కయ్య నవ్వలేదు. గోడ మీద కూర్చున్న ఒకాయన్ని చూపించి, ఎవరో గుర్తుపట్టావా అంది. సొంత ఊళ్ళో ఎప్పుడూ ఆట మొదలయ్యాక పరిగెత్తుకొచ్చే మనిషి. ఇప్పుడు పై వీధిలో ఉంటున్నాడు. ఆ పక్కన మాట్లాడుతున్నావిడ, చంటిపిల్లని చంకన వేసుకుని ప్రతి కొత్త సినిమాకీ వచ్చేది. ఆ చంటిపిల్ల కూతురికే ఇప్పుడు బడి సీటు కావాలట. అటు నలుగురు, ఇటు నలుగురు, అందరూ అక్కయ్య కిటికీలో చెయ్యి పెట్టినవాళ్ళే. ఇదే వీధిలో ఇన్నేళ్ళున్న తమ్ముడికి వాళ్ళలో ఒక్కరు ఇక్కడున్నట్టు కూడా తెలియదు.

"సామాను విప్పొద్దన్నావట," అన్నాడు కళ్ళద్దాలాయన.

"నేను లేకుండా విప్పితే అద్దాల బీరువా పగలగొడతారని అన్నాను. వెనక్కి ఎక్కడికి పోనురా? అక్కడ ఏ లైనులో చూసినా నేనొక్కదాన్నే."

కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అక్కయ్య అది చూడనట్టు వరస ముందుకి నడిచింది.

గేటు దగ్గరికి వచ్చి గళ్ళచొక్కాని కుర్చీలోంచి లేపి, కానిస్టేబుల్ని కుర్చీ పట్టుకోమని, దాని మీదకి ఎక్కింది. తమ్ముడు దండం పెట్టి, నిజం చెప్పి, ఎంత వేడుకున్నా కదలని జనం వైపు ఒక్కసారి చూసి, కిటికీ వెనకనించి బతుకంతా చెప్పిన మాట అదే గొంతుతో చెప్పింది.

"హౌస్‌ఫుల్."

ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. ఏమిటి నిండిందని అడగలేదు. పెద్ద ఉస్సురొకటి వీధి పొడుగునా పాకింది, అంతే. కానిస్టేబులు కుర్చీ వదలకుండానే, వచ్చే ఏడు కాస్త ముందుగా కబురు పెట్టమన్నాడు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

కంచె తీయించి లారీని లోపలికి తెచ్చేసరికి గేటు ముందు జాగాలో గళ్ళచొక్కా కారు ఉంది. కళ్ళద్దాలాయన అడగబోయాడు గాని అక్కయ్య వద్దంది. లారీని మలుపు దగ్గరే ఆపించి, వెళ్ళకుండా మిగిలిన సొంత ఊరివాళ్ళని అక్కణ్ణించి పై వాటా దాకా తిన్నగా నిలబెట్టింది. సామానంతా చేతులు మారుతూ ఒక్క గీత పడకుండా ఇల్లు చేరింది, అద్దాల బీరువాతో సహా.

ఆ హడావిడిలో కుర్చీ లోపల పెట్టడం అందరూ మరిచిపోయారు. మర్నాడు పొద్దున్న చూస్తే దాని వెనక నలుగురున్నారు; అక్కయ్య కాఫీ కూడా తాగకుండా కిందికి దిగి వాళ్ళని సరిగ్గా నిలబెట్టింది.