మొదటి వరస కుర్చీ

శనివారం ఉదయం కాఫీ తాగుతూ థాడియస్ క్రోల్ తన పథకం భార్యకు చెప్పాడు.

"ఇవాళ బియాట్రిస్ నోరు తెరిచేలోగా నేనే చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?" అంది నోర్మా.

"తెర మీద ఏది వస్తే అది."

క్రోల్ మూకీ సినిమాల చరిత్ర బోధించే ప్రొఫెసర్. పెన్సిల్వేనియాలోని ఒక ఫిల్మ్ భాండాగారం ఏటా వేసవిలో పేరూ ఊరూ తెలియని పాత రీళ్లు వేస్తుంది. చీకట్లో కూర్చున్న పండితులు తెర మీద కారునో టోపీనో పోల్చుకుని అరుస్తారు. ఆఖరి రీలును గుర్తుపట్టినవారి పేరు మొదటి వరసలో ఒక కుర్చీ గుడ్డ మీద కుడతారు. ఏళ్ల తరబడి దాని మీద బియాట్రిస్ హోల్కమ్ పేరే ఉంది. క్రోల్ సరిగ్గా దాని వెనక కూర్చునేవాడు.

ఆ రోజు ఆఖరి రీలు మొదలైంది. ఒక బక్క మనిషి నిచ్చెనెక్కి పశువుల కొట్టానికి రంగు వేస్తున్నాడు. నిచ్చెన జారి పందుల తొట్టిలో పడ్డాడు. ఒకావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఎల్మర్ పిగట్," అని ఆ పాతకాలం హాస్యనటుడి పేరు అరిచాడు క్రోల్. "ఆయన సినిమాల్లో దొరక్కుండా పోయింది ఇదే."

"పిగట్‌కి మీసం ఉండాలి కదా ప్రొఫెసర్ గారూ?" బియాట్రిస్ వెనక్కి తిరగలేదు.

"స్టూడియోతో గొడవపడి తీయించేశాడు."

"మరి ఆ లావుపాటావిడ?"

"రెండో భార్య. నటి."

"మాకెవరికీ పిలుపు రాని పెళ్లన్నమాట."

పియానో వాయిస్తున్నాయన జోరు పెంచాడు. డైరెక్టర్ పత్రికవాళ్లకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. క్రోల్ తన పేరు కుర్చీ మీద ఒక్క వరసలో పడుతుందా అని ఆలోచించాడు.

తెర మీది మనిషి తొట్టిలోంచి లేచి ఎడమ చెవి గోక్కున్నాడు.

"థాడ్, అది మీ తాతయ్య కదా," అని వెనక నుంచి వినిపించింది. గుమ్మంలో నోర్మా, చేతిలో శాండ్‌విచ్‌ల సంచి. "ఆవిడ మీ నానమ్మ. మన హాల్లో ఫోటో ఉందిగా. అటక మీది రీళ్ల డబ్బాలు పారేయమన్నావు. పారేయడమెందుకని వీళ్లకు పంపించాను."

"నువ్వు ఊరుకో. వీళ్లు పండితులు," అన్నాడు క్రోల్.

బియాట్రిస్ అప్పుడు వెనక్కి తిరిగింది. హాల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. క్రోల్ ఎడమ చెవి గోక్కుంటున్నాడు.

"ఇంకే రుజువూ అక్కర్లేదు," అంది బియాట్రిస్. "కుర్చీ ఆవిడదే."

కారులో నోర్మా అంది, "ఇంత తేలికని ఎప్పుడూ చెప్పలేదేం?"

ఇల్లు చేరేదాకా క్రోల్ పక్క సీట్లోని కొత్త పోటీదారు గురించే ఆలోచించాడు; బియాట్రిస్ గుర్తుకే రాలేదు.