పాన్‌గల్ రగ్బీకి రెండు వేల సీట్లు

ఆటకు అభిమానులు పుట్టేది ఆట వల్ల కాదు, సిమెంటు వల్ల. ఈ సత్యాన్ని గ్రామీణ క్రీడాభిమాన వృద్ధి సంస్థ రెండు వేల ఆరో సంవత్సరం మార్చి నెలలో కనిపెట్టింది. అంతకు ముందు జనం నిలబడి, గట్ల మీద కూర్చొని, ట్రాక్టర్లెక్కి ఆటలు చూసి సంతోషించినట్టు దాఖలాలున్నాయి గానీ, ఆ సంతోషానికి సంస్థ ఆమోదం లేదు.

సంస్థ చూపు మొదట పాన్‌గల్ మీద పడింది. పడటానికి కారణం అజీజ్.

అజీజ్ అక్కడి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. అంతకు రెండేళ్ల ముందు ఆయనను వాలీబాల్ శిక్షణకని హైదరాబాదు పంపారు. వాలీబాల్ జాబితా అప్పటికే నిండిపోయింది. ఖాళీగా ఉన్న జాబితాలో పేరు రాసి లోపలికి తోశారు. ఆ ఖాళీ జాబితా రగ్బీది. పది రోజుల తర్వాత ఆయన మోకాలికి కట్టుతో, కోలగా ఉన్న రెండు బంతులతో పాన్‌గల్ బస్సు దిగాడు. (వాలీబాల్ నేర్చుకొని వచ్చినట్టు ఆయనకిచ్చిన సర్టిఫికెట్ ఇప్పటికీ స్కూలు బీరువాలో భద్రంగా ఉంది.)

ఆయన నేర్పిన ఆట ఊరికి నచ్చింది. అరుపులుంటాయి, ఒకరి మీద ఒకరు పడతారు, చివర్లో అందరూ లేచి చేతులు కలుపుతారు. రైతు సాయన్న పల్లి చేను ఫిబ్రవరిలో ఖాళీ అయితే మళ్లీ వానలు పడేదాకా బీడే. ఆదివారం పొద్దున అక్కడ ఆట. తన భూమిని గట్టిపరిచి నాశనం చేస్తున్నారని సాయన్న ప్రతి వారం తిట్టేవాడు. అందరికన్నా ముందు వచ్చి తిట్టేవాడు, ఆట అయిపోయేదాకా తిట్టేవాడు, మళ్లీ వారం ఎప్పుడు మొదలుపెడతారో అడిగి వెళ్లేవాడు.

జట్టులో అందరికన్నా వేగంగా ఉరికేది రెహాన్. ఇరవై మూడేళ్లవాడు, బస్టాండు దగ్గర దర్జీ. అతని తల్లి కుల్సుమ్‌బీ ఊరూరా తిరిగి గాజులమ్ముతుంది. ఆదివారం మాత్రం గంప దించి, తూర్పు గట్టు మీద కూర్చునేది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదనీ, గీత దాటాక నేలకు తాకిస్తేనే లెక్కనీ ఆమెకు అజీజ్ ఒక్కసారే చెప్పాడు. అప్పట్నుంచి రెహాన్ గీత దగ్గరికి వస్తే చాలు, "కింద పెట్టు బేటా, కింద పెట్టు" అని ఆమె వేసే కేకకు సగం చేను వంత పాడేది.

అటువంటి ఒక ఆదివారం గద్వాల జట్టుతో పందెం జరుగుతుండగా సంస్థ ఉపసంచాలకుడు జితేందర్ వేరే పని మీద ఆ దారిన వచ్చి ఆగాడు. చాలాసేపు చూశాడు. ఆటను కాదు, జనాన్ని. వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. నాలుగు వందల పన్నెండు మంది. ఒక్కరికీ సీటు నంబరు లేదు. ఒక్కరి చేతిలోనూ టికెట్ లేదు. ఆయన మనసు వికలమైంది.

మర్నాడే అజీజ్‌కు కబురొచ్చింది. మహబూబ్‌నగర్ కార్యాలయంలో జితేందర్ ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, "కోచ్ గారూ" అని పిలిచాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో అజీజ్‌ను ఎవరూ అలా పిలవలేదు. డ్రిల్లు సారనీ, ఇంకా మర్యాద తగ్గితే ఈల సారనీ పిలిచేవాళ్లు. గోడ మీద ఒక పటం వేలాడుతోంది. పచ్చటి గడ్డి, తెల్లటి గీతలు, చుట్టూ మెట్లు మెట్లుగా సీట్లు. అజీజ్ దాన్ని చూశాడు. ఆ తర్వాత ఆయన దేని మీద సంతకం పెట్టాడో ఆయనకే సరిగా తెలియదు.

పెట్టింది మూడు పేజీల హామీపత్రం మీద. అందులో ఏడో షరతు ప్రకారం, స్టేడియం మంజూరైన తేదీ నుంచి క్లబ్బు, అంటే అజీజ్ జట్టు, మరెక్కడా ఆడరాదు. అనధికార స్థలంలో ఆడితే అభిమానం అటు మళ్లిపోయి, స్టేడియం కోసం వృద్ధి చేయాల్సిన అభిమానం మిగలదని సంస్థ భయం.

ఊరికొచ్చి చెబితే జట్టు ఎగిరి గంతేసింది. కుల్సుమ్‌బీకి కూడా ఆయనే చెప్పాడు, నీడ పట్టున సీటు వస్తుందని.

"నాకు గట్టు చాలు బేటా," అంది ఆమె. "గట్టు మీదికెల్లి పోరని మొఖం కనవడతది."

"అక్కడ ఇంకా మంచిగ కనవడతది ఖాలా," అన్నాడు అజీజ్. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే నమ్మాడు.

సాయన్న చేను పట్టాభూమి కాబట్టి అక్కడ కట్టడానికి వీల్లేదు. సర్కారు భూమి వెతగ్గా వెతగ్గా ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరాన, బస్సు ఆగని చోట, రాళ్ల మిట్ట మీద దొరికింది. నాలుగు వందల మంది వచ్చే ఆటకు రెండు వేల సీట్లెందుకని ఎవరో అడిగితే, సీట్లు ముందు పుట్టాలనీ, వాటిని చూసి మనుషులు పుడతారనీ జితేందర్ ఓపిగ్గా వివరించాడు. స్టేడియం రెండేళ్లు లేచింది. ఆ రెండేళ్లు ఆట కూర్చుంది. జట్టులో ఇద్దరు పుణె పనులకు పోయారు, ఒకడు పెళ్లి చేసుకొని లావయ్యాడు. మిగిలినవాళ్లతో అజీజ్ స్కూలు వెనక, గేటు మూసి, బంతి విసరడం మరిచిపోకుండా చూసుకున్నాడు. తూర్పు గట్టు మీద తుమ్మ మొలకలు లేచాయి.

రెండు వేల ఎనిమిది జనవరిలో సంస్థ అభిమానులకు దరఖాస్తు ఫారాలు పంచింది. స్టేడియంలోకి వెళ్లాలంటే అభిమాని గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు కావాలంటే రేషను కార్డు నకలు, రెండు ఫొటోలు, సత్ప్రవర్తన పత్రం, గత మూడేళ్లుగా అభిమానిగా ఉన్నట్టు రుజువు జతచేయాలి. రుజువు అంటే పాత టికెట్లు. సాయన్న చేనుకు టికెట్ లేదు కదా అని అజీజ్ విన్నవించుకున్నాడు. టికెట్ లేకుండా చూసినవాళ్లు అభిమానులు కారు, చొరబాటుదారులవుతారని జవాబొచ్చింది. చొరబాటు అంగీకరిస్తూ ఎవరైనా రాసిస్తే పరిశీలిస్తారట.

నాలుగు వందల పై చిలుకు దరఖాస్తుల్లో ముప్పై ఒకటి నెగ్గాయి. సాయన్నది నెగ్గింది, భూమి పాసుబుక్కు ఉంది గనక. కుల్సుమ్‌బీది పెండింగులో పడింది. రేషను కార్డులో ఆమె పేరు ఒక్క మాటగా, ఫారంలో రెండు మాటలుగా ఉందట. ఈ ఇద్దరిలో అభిమాని ఎవరో తేలాలని ఫైలు మీద రాశారు.

ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. గద్వాల జట్టును మళ్లీ పిలిచారు. రెండు వేల సీట్లలో ముప్పై ఒక్కటి మాత్రమే నిండితే బాగుండదని ఏడు బడుల నుంచి పిల్లలను లారీల్లో తెచ్చి కూర్చోబెట్టారు. ఒక ఉద్యోగి ఎర్రజెండా ఎత్తితే చప్పట్లు కొట్టాలి, దించితే ఆపాలి. రెండు రోజులు దాని మీద తర్ఫీదు ఇచ్చారు. (రగ్బీ అంటే ఏమిటో వాళ్లకెవరూ చెప్పలేదు. అది తర్ఫీదులో లేదు.)

ఆట మొదలవబోతుండగా గడ్డి గుత్తేదారు మనిషి అజీజ్ దగ్గరకొచ్చి ఒక కాగితం చూపించాడు. గడ్డికి పద్దెనిమిది నెలల పూచీ ఉంది. ఆ లోగా దాని మీద ఎవరైనా పడితే పూచీ చెల్లదు. కాబట్టి క్రీడాకారులు గుడ్డ బూట్లతో, పడకుండా, పడేయకుండా, బంతిని నేలకు తాకించకుండా ఏడు నిమిషాలు ఆడవలసింది.

"నేలకు తాకియ్యకుంట రగ్బీ ఎట్ల ఆడతరు?" అన్నాడు అజీజ్.

"అది మీ డిపార్ట్‌మెంటు. మాది గడ్డి," అన్నాడు ఆ మనిషి.

అప్పుడే అజీజ్‌కు గేటు దగ్గర కుల్సుమ్‌బీ కనిపించింది. తొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. పెండింగులో ఉన్నవాళ్లు లోపలికి రాకూడదని కాపలావాళ్లు మర్యాదగానే చెబుతున్నారు. అజీజ్ పరుగెత్తుకెళ్లి, ఈమె రెహాన్ తల్లి అన్నాడు. ఫారంలో బంధుత్వం కాలమ్ లేదన్నారు. వెనకాలే జితేందర్ వచ్చి, ముఖ్య అతిథి కూర్చున్నారు, గొడవ వద్దని చెయ్యి పట్టుకున్నాడు. కుల్సుమ్‌బీ ఏమీ గొడవ పడలేదు. బయటనే కూర్చుంటాలే అని, పన్నెండడుగుల గోడ నీడన కూర్చుంది. నీడ మాత్రం హామీ ఇచ్చినట్టే దొరికింది. అజీజ్ లోపలికి నడిచాడు.

ఆట నడిచింది. ఒకరినొకరు తాకకుండా, వంటిల్లు కొత్తగా అలికినప్పుడు నడిచినట్టు పద్నాలుగు మంది నడిచారు. మైదానం చుట్టూ ఎనిమిది వరుసల పరుగుబాట, దాని చుట్టూ ఇనుప కంచె, ఆ తర్వాతే సీట్లు. సాయన్న మూడు నిమిషాలు కళ్లు చికిలించి చూసి, పక్కవాడిని మన జట్టు ఏదని అడిగాడు. అతనికీ తెలియలేదు. సాయన్నకు ఎవరిని తిట్టాలో తోచలేదు. జీవితంలో మొదటిసారి ఆట మధ్యలో లేచి వెళ్లిపోయాడు.

అయిదో నిమిషంలో బంతి రెహాన్ చేతికొచ్చింది. పాత అలవాటు కాళ్లకు గుర్తొచ్చినట్టుంది. ఒకణ్ని తప్పించాడు, ఇంకొకణ్ని తప్పించాడు, గీత దాటాడు. దాటి, ఆగిపోయాడు. ఎదురుగా గడ్డి మనిషి రెండు చేతులూ ఊపుతున్నాడు. రెహాన్ బంతిని పొట్టకు ఆనించుకొని తూర్పు వైపు చూశాడు. అక్కడ ఏడు బడుల పిల్లలు జెండా వైపు చూస్తున్నారు. జెండా దించి ఉంది. రెండు వేల మంది కూర్చున్న చోట పిల్లి నడిచినా వినిపించేంత నిశ్శబ్దం.

రెహాన్ అజీజ్ వైపు తిరిగాడు. అజీజ్‌కు జితేందర్ కనిపిస్తున్నాడు. ముఖ్య అతిథి కనిపిస్తున్నాడు. కోచ్ గారూ అన్న పిలుపు, మూడు పేజీల సంతకాలు, ఇంకా పదిహేడేళ్ల ఉద్యోగం, అన్నీ ఒక్కసారే కనిపించాయి.

"కింద పెట్టు," అన్నాడు. రెహాన్‌కు వినపడలేదేమోనని గొంతు చించుకొని మళ్లీ అన్నాడు. "కింద పెట్టు!"

రెహాన్ బంతితో సహా నేల మీద పడ్డాడు.

అరచేయంత గడ్డి లేచింది. గుత్తేదారు పూచీ రద్దయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోడ అవతల కూర్చున్న కుల్సుమ్‌బీ మాత్రం అజీజ్ గొంతు విని, పెట్టిండా, పెట్టిండా అని కాపలావాళ్లను అడుగుతూ ఉండిపోయింది. వాళ్లు తమకు తెల్వదన్నారు. వాళ్లు గోడ వైపు తిరిగి నిలబడే డ్యూటీలో ఉన్నారు.

స్టేడియానికి నష్టం కలిగించినందుకు పాన్‌గల్ రగ్బీ క్లబ్బు గుర్తింపు రద్దయింది. సాయన్న చేనుకు తిరిగిపోదామంటే ఏడో షరతు ఇంకా అమల్లోనే ఉంది, అది క్లబ్బు లేకపోయినా వర్తిస్తుంది. రెహాన్ కుట్టుమిషను అమ్మేసి పుణె వెళ్లాడు. అభిమానం మీద సంస్థ నివేదిక వెలువడింది. స్టేడియానికి ముందు హాజరు నాలుగు వందల పన్నెండు, తర్వాత రెండు వేలు, వృద్ధి దాదాపు అయిదింతలు, ప్రేక్షకుల క్రమశిక్షణ అపూర్వం. ఆ తర్వాత ఆట జరగలేదన్న సంగతి నివేదిక అడగలేదు గనక ఎవరూ రాయలేదు.

అజీజ్ మీద విచారణ పెట్టారు. అది తేలేదాకా ఆయనను సంస్థకే సర్వే పనికి అప్పగించారు. మరుసటి ఏడాది వేసవిలో జితేందర్ ఆయనను జీపెక్కించుకొని కోడేరు తీసుకెళ్లాడు.

కోడేరులో ఆడవాళ్లు కబడ్డీ ఆడుతున్నారు. కోసిన జొన్నచేను, సున్నంతో గీసిన గీత. చుట్టూ మూడు వందల మందికి తక్కువ లేరు. ఒక ముసలాయన దుప్పటి పరుచుకొని పడుకొని చూస్తున్నాడు. ఎవరో ఔటైతే అవతలి పక్కనుంచి నవ్వులు, అరుపులు. అజీజ్ వాళ్ల మధ్య నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు తన చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టడం తెలిసింది.

జితేందర్ జీపులోంచి దిగలేదు. ఫోన్లో మాట్లాడుతూ, కిటికీలోంచి ఫారం అందించాడు. ప్రస్తుత అభిమానుల సంఖ్య అన్న గడి నింపమన్నాడు.

అజీజ్ పెన్ను తీశాడు. ఒకసారి ఆ జనం వైపు చూశాడు. వీళ్లను కాపాడే దారి ఆయనకు ఒక్కటే తోచింది. సున్నా రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

"ఒక్కరు కూడా లేరా?" అన్నాడు జితేందర్, కాగితం మీంచి తలెత్తకుండా.

"లేరు సార్. గీ ఊరికి ఆటంటేనే తెల్వదు."

జితేందర్ సానుభూతితో తలాడించాడు. అభిమానం బొత్తిగా లేని వెనకబడిన ప్రాంతం కాబట్టి, కోడేరుకు ఆ నెలలోనే నాలుగు వేల సీట్లు మంజూరయ్యాయి.