కడుపుమంట మార్కులు

కోటవీధి కమ్యూనిటీ కళాశాలలో గ్రాఫిక్ డిజైన్ విద్యార్థులకు మార్కులు వేసేది తోటి విద్యార్థుల కడుపుమంటను థర్మామీటరుతో కొలిచి. ఒకరి డిజైనును తెర మీద చూపిస్తారు. మిగతా పందొమ్మిది మంది వరసగా నిలబడి రెండు నిమిషాలు చూస్తారు. కళాశాల ఆయా ఒక్కొక్కరి పొట్టకు థర్మామీటరు ఆనించి అంకె రిజిస్టరులో రాస్తుంది. సగటు ముప్ఫై ఎనిమిది డిగ్రీలకు చేరితే పాస్. పరీక్షకు ముందు రెండు గంటలు మజ్జిగ తాగరాదని నోటీసు బోర్డులో ఉంటుంది.

నూకరత్నం ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఈ కోర్సులో చేరింది. అంతకుముందు పదేళ్లు ఫ్లెక్సీ షాపులో పుట్టినరోజు బ్యానర్లు తయారుచేసింది. ఎవరో చెప్పింది కాకుండా సొంతంగా ఏదైనా గీయాలని ఆమె కోరిక. మొదటి పరీక్షకు రెండు నెలలు కష్టపడి చేపల మార్కెట్టుకు ఒక గుర్తు గీసింది. ఒకటే గీత. అందులోనే చేపా కనబడుతుంది, గంప ఎత్తుకున్న ఆడమనిషీ కనబడుతుంది. క్లాసంతా "ఎంత బాగుందో" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. సగటు ముప్ఫై ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది.

"బాగుందంటే లాభం లేదమ్మా," అన్నారు లెక్చరర్ పారినాయుడు గారు. "వాళ్లకి నువ్వంటే ఇష్టం. అదే నీతో వచ్చిన చిక్కు."

తరవాతి వంతు ఆమె పక్క కుర్చీలో కూర్చునే భానుజది. భానుజ ఒక మందుల షాపు పేరు రాసింది, అంతే. కానీ అక్షరానికీ అక్షరానికీ మధ్య వదిలిన చోటు చూడగానే, పదేళ్లుగా తను ఎక్కడ తప్పు చేస్తోందో నూకరత్నానికి అర్థమైపోయింది.

"ఎన్నాళ్లు పట్టిందే?" అని అడిగింది.

"ఎన్నాళ్లేటి? అన్నం ఉడికీలోగా అయిపోనాది," అంది భానుజ.

నూకరత్నం పొట్ట దగ్గర నలభై ఒకటి పాయింట్ ఆరు చూపించింది. ఆయా నమ్మక ఇంకో థర్మామీటరు తెచ్చింది. అదీ అంతే చూపించింది. ఆ ఒక్క అంకెతో భానుజ సగటు సరిగ్గా పాస్ గీత దగ్గరికి వచ్చి ఆగింది.

రెండో పరీక్షలోనూ అదే జరిగింది. మూడోసారి నూకరత్నం నిబంధనకు విరుద్ధంగా రెండు గ్లాసుల మజ్జిగ తాగి వచ్చింది. భానుజ తప్పింది. ఆయా వాసన పట్టి ఫిర్యాదు చేయగా, తోటి విద్యార్థి విజయానికి సహకరించనందుకు నూకరత్నానికి మెమో ఇచ్చారు. ఆమె సంతకం పెట్టి తీసుకుంది.

భానుజకు కోపం రాలేదు. మెట్ల దగ్గర ఆపి, "అలా సెయ్యకే రత్నం," అంది. "మిగతావోళ్లకి నా పనిలో ఏటుందో కూడా తెల్దు. సరిగ్గా సూసేదానివి నువ్వొక్కర్తివే."

ఇంత మంచిగా మాట్లాడటం కూడా దానికే వచ్చు కదా అనిపించి నూకరత్నానికి కడుపులో మళ్లీ భగ్గుమంది.

చివరి పరీక్షలో తప్పితే కోర్సు నుంచి తీసేస్తారు. నూకరత్నం ఈసారి గుర్తులూ గీతలూ గీయలేదు. ఫ్లెక్సీ షాపు పాత నమూనా తీసుకుని, పట్టుచీరలో ఉన్న తన ఫోటో మధ్యలో పెట్టి, చుట్టూ పూలదండ వేసింది. కింద "విశాఖలోని ప్రముఖ సంస్థలో ఉద్యోగం సాధించిన నూకరత్నం గారికి శుభాకాంక్షలు" అని రాసింది. అక్షరాలు ఇరుకిరుగ్గా పడ్డాయి. దండ ఒక పక్కకి జారింది. అవేవీ ఎవరూ చూడలేదు.

సగటు నలభై ఒకటి. ఒక్క భానుజ పొట్ట దగ్గరే నలభై రెండు పాయింట్ మూడు. అది ఆ కళాశాల చరిత్రలోనే ఎక్కువ. పారినాయుడు గారు చొక్కా పైగుండీ విప్పుకుని, "డిస్టింక్షన్," అన్నారు. వచ్చే ఏడాది నుంచి దీన్నే మాదిరిగా చూపించాలని తీర్మానం రాసుకున్నారు.

బయట భానుజ ఎదురొచ్చింది. "ఏ కంపెనీయే?"

"ఏటీ లేదే. ఉత్తినే రాసాను."

"సెప్పడం ఇష్టం లేకపోతే మానీ," అంది భానుజ. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడు నెలలుగా తను చూసినట్టే భానుజ ఇప్పుడు తనని చూస్తోంది. అది నూకరత్నానికి హాయిగా ఉంది. నిజం రెండోసారి చెప్పబుద్ధి కాలేదు.

"సోమవారం జాయినింగు," అంది.

సోమవారం ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగా విశాఖ బస్సెక్కింది. అక్కడి బస్టాండు కాంప్లెక్సులో దిగి ఒక బెంచీ మీద కూర్చుంది. అక్కడ అప్పటికే అయిదారుగురు మెడలో ఐడీ కార్డులతో, ఒళ్లో బ్యాగులతో కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏ బస్సూ ఎక్కడం లేదు. పక్కనున్న పెద్దావిడ కాస్త జరిగి చోటిచ్చింది.

"కొత్తగా సేరేవా, అమ్మా?"

"ఔనండి. ఇవాళే."

"ఒంటిగంటకి అందరం కలిసి తింటాం," అంది పెద్దావిడ. "ఆదివారం సెలవు."