గాజు గదిలో సెక్రటరీ గారు

ఆ రోజు పొద్దున సెక్రటరీ గారి పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఆరోగ్య శాఖ నుంచి నర్సమ్మ వస్తుంది. ఆవిడ వచ్చేసరికి వృద్ధుల కేంద్రంలో అందరూ మాస్కులు పెట్టుకుని, దూరదూరంగా వేసిన కుర్చీల్లో బుద్ధిగా కూర్చుని, చేతులూ కాళ్లూ ఆడిస్తూ ఉండాలి. ఆవిడ చూసి తల ఊపి వెళ్లిపోవాలి. రేపటి నుంచి కేంద్రం తెరుచుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడైనా ఉందా అని ఆయన కాఫీ తాగుతూ ఒకసారి, గడ్డం గీసుకుంటూ ఒకసారి వెతికి చూసుకున్నారు. దొరకలేదు.

మహమ్మారి వచ్చి కేంద్రానికి తాళం పడి చాలా నెలలైంది. పద్ధతిగా నడిపిస్తారని నమ్మకం కుదిరితే తెరవనిస్తాం, లేదంటే మళ్లీ ఎప్పటికో చెప్పలేం అని ఆరోగ్య శాఖవాళ్లు ముందే అనేశారు. కేంద్రం లేకపోతే ప్రాణాలేమీ పోవు. కానీ సెక్రటరీ గారి బెంగంతా రేడియో బాబాయి గురించి. ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. పెట్టడమే తప్ప ఆపడానికి మీట లేని రేడియో అది. తాళం పడ్డ కొత్తలో ఫోను చేస్తే గంట తక్కువ కాకుండా మాట్లాడేవాడు. తర్వాత తర్వాత పది నిమిషాలకు దిగాడు. ఈ మధ్య "ఊఁ", "సరే", "ఉంటా" తప్ప మరో మాట లేదు. నిన్న సెక్రటరీ గారు ఎండల గురించి ఎత్తారు, ఎన్నికల గురించి ఎత్తారు, చివరికి మోకాళ్ల నొప్పుల గురించి కూడా ఎత్తారు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. భార్య పోయాక ఇల్లు ఎలా మూగబోతుందో సెక్రటరీ గారికి తెలుసు. తనకు రోజూ తిట్టడానికి కూతురుంది. బాబాయికి తిట్టేవాళ్లు కూడా లేరు.

కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన మనిషి కనుక, రూల్సు రాయడం సెక్రటరీ గారికి చేతిలో పని. అట్ట మీద ఎర్ర సిరాతో రాసి గుమ్మం పక్కన తగిలించారు. వాటిలో ఆయనకు బాగా నచ్చినది చివరిది: ఒళ్లు వేడిగా ఉన్నవారు ఎవరైనా సరే, గాజు గదిలో విడిగా కూర్చోవాలి, పావుగంటకోసారి మళ్లీ చూడాలి, వేడి తగ్గేదాకా బయటికి రాకూడదు. 'ఎవరైనా సరే' కింద రెండు గీతలు కూడా గీశారు.

గాజు గది అంటే హాలుకు ఓ పక్కనున్న పాత ఆఫీసు గది. హాలు వైపు గోడ మోకాలి ఎత్తు నుంచి పైదాకా అద్దమే. అద్దానికి ఒక మూల, రసీదులిచ్చే రోజుల నాటి చిన్న కంత, దానికి బయట నుంచి జరిపే చెక్క తలుపు. ఇప్పుడా గదిలో కాళ్లు విరిగిన కుర్చీలూ, మూలకు ఆనించిన క్యారమ్ బోర్డులూ కాపురముంటున్నాయి.

ఎనిమిదింటికే వెళ్లి ఆయన కుర్చీలన్నీ బయటికి మోసి, కడిగి, ఎండలో ఆరబెట్టారు. మళ్లీ ఒక్కొక్కటే లోపలికి మోసి నేల మీద గీసిన గుండ్రాల్లో వేశారు. వ్యాయామం నేర్పే అమ్మాయి వీడియో ఆయన ఫోనులోంచి టీవీలో కనబడేలా చేయడం కూతురు నేర్పించింది. అదీ సిద్ధం చేసి, ఫోను టీవీ పక్కన పెట్టి, చివరి కుర్చీ కోసం బయటికి వెళ్లారు. దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కల్నల్ అడ్డం నిలబడ్డాడు.

కల్నల్ సైన్యంలో ఎప్పుడూ లేడు. ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని ఉద్యోగమంతా వెళ్లదీశాడు. మీసాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. ఆ మీసం ఇప్పుడు మాస్కు కింద పడి నలుగుతోందన్న బాధ ఒకటి ఆయనకుంది. రెండు కొసలు మాత్రం మాస్కుకు అటూ ఇటూ బయటికి పొడుచుకొచ్చి పరిస్థితిని గమనిస్తున్నాయి. వేడి చూసే పరికరం ఆయన చేతికిచ్చింది సెక్రటరీ గారే. తుపాకీ ఆకారంలో ఉంది కదా, సరదా పడతాడని.

"నుదురు చూపించండి సార్."

"నాకెందుకయ్యా? నేను పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నాను."

"ఎవరైనా సరే అని రాశారు కద్సార్. కింద గీతలు కూడా ఉన్నాయి."

సెక్రటరీ గారు ముచ్చటపడుతూనే నుదురు చూపించారు. పరికరం కీచుమంది. ఎర్ర దీపం వెలిగింది.

"ఎక్కువుంది సార్."

"ఎండలో కుర్చీలు మోశానయ్యా! నుదురు కాలకేం చేస్తుంది? ఇదిగో, ఈ కుర్చీకి పెట్టి చూడు, దీనికీ జ్వరమే అంటుంది."

కల్నల్ కుర్చీకి పెట్టి చూశాడు. నిజంగానే కీచుమంది. "అయితే కుర్చీ కూడా లోపలికే సార్" అన్నాడు.

"నర్సమ్మ వచ్చే వేళ! నేను లేకపోతే వీళ్లనెవరు చూస్తారు?"

"నేనున్నాను కద్సార్. పావుగంటే. రూలు రూలే."

హాల్లో అప్పటికే అందరూ వచ్చి కూర్చున్నారు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. తను పెట్టిన రూలును మొదటి రోజే తనే కాదంటే ఇక ఎవరు వింటారు? సెక్రటరీ గారు కుర్చీతో సహా గాజు గదిలోకి నడిచారు. వెనక గడియ పడింది. గాలి కలవకూడదని కల్నల్ కంతకున్న చెక్క తలుపు కూడా జరిపేశాడు.

టీవీలో వ్యాయామం మొదలైంది. అద్దం వెనక నుంచి సెక్రటరీ గారు చూస్తున్నారు. పర్వాలేదు, బాగానే ఉంది. ఆ అమ్మాయి చేతులు చాపితే అందరూ చాపుతున్నారు. రేడియో బాబాయి ఒక్కడే వెనక వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు చెవులు అంతంత మాత్రం. టీవీలో చెప్పేది వినపడదు, తెర చూద్దామంటే దూరం. అయినా వచ్చాడు, అదే చాలనుకున్నారు సెక్రటరీ గారు. ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తింది. అందరూ ఎత్తారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తెర మీద అమ్మాయి చేతులెత్తినదల్లా అలాగే బిగుసుకుపోయింది.

ఫోనుకు దగ్గరగా ఉన్నది టైలరమ్మ. అందరికీ మాస్కులు కుట్టిపెట్టింది ఆవిడే. లేచి వెళ్లి ఎత్తింది. ఆవిడ గొంతు పాత కుట్టుమిషను లాంటిది, అద్దం దాటి కూడా వినిపిస్తుంది.

"ఎవరూ? అమ్మాయా? మీ నాన్నగారు రాలేరమ్మా. బీపీ మాత్రా? ఏమో, వేసుకున్నారో లేదో. ఆయనకి ఒళ్లు కాలిపోతోందట. గదిలో పెట్టి గడియ వేశాం. అయ్యో, ఏడవకమ్మా, కల్నల్ కాపలా ఉన్నాడు!"

సెక్రటరీ గారు అద్దం మీద దబదబా బాదారు. అప్పటికే టైలరమ్మ ఫోను పెట్టేసి, కుర్చీలో కూర్చుని, చేతులెత్తేసింది. అప్పుడు చూశారాయన. హాలు హాలంతా చేతులు పైకెత్తి అలాగే ఉంది. భుజాలు వణుకుతున్నాయి, కళ్లజోళ్ల మీద ఆవిరి కమ్ముతోంది. తెర మీద అమ్మాయి ఇంకా బిగుసుకునే ఉంది, దించమని చెప్పలేదు కదా మరి.

"దించండి! చేతులు దించండయ్యా బాబూ!" అని అరిచారు. మాస్కులోంచి, అద్దంలోంచి ఆ అరుపు ఎవరికీ చేరలేదు. అద్దం మీద బాదిన చప్పుడుకు అందరూ ఇటు తిరిగారు గనుక, రెండు చేతులూ పైకెత్తి కిందికి దించి చూపించారు. అందరూ దించారు.

హమ్మయ్య అనుకుని నుదుటి చెమట తుడుచుకున్నారు. హాల్లో అందరూ నుదురు తుడుచుకున్నారు.

సెక్రటరీ గారికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నేను కాదు! టీవీ! టీవీ!" అని వేలుతో ఆ వైపు పొడిచి చూపించారు. అన్ని వేళ్లూ టీవీ వైపు పొడిచాయి. వద్దు వద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపారు. అందరూ ఊపారు. ముందు వరసలో ఒకావిడ మాస్కు ముక్కు కిందికి జారింది. నర్సమ్మ చూస్తే కొంప మునుగుతుందని, ఆవిడకేసి చూస్తూ ముక్కు మీద వేలు పెట్టి పైకి లాగి చూపించారు. అందరూ ముక్కులు పట్టుకుని పైకి లాగారు. మొహం మీద చేతులు పెట్టరాదన్నది ఎర్ర సిరాలో రెండో రూలు.

కంత తలుపు జరిగింది. "పావుగంటైంది సార్. నుదురు పెట్టండి."

సెక్రటరీ గారు వంగి కంతలో నుదురు పెట్టారు. "కల్నల్, నా మాట విను. వాళ్లు నన్ను చూసి..."

కీచ్. "ఇంకా పెరిగింది సార్! మీరు అలా గెంతకండి. రెస్టు తీసుకోండి." తలుపు మూసుకుంది.

ఆయన ఒళ్లు మండిపోయింది. కాలు నేలకేసి కొట్టారు. హాలంతా ఒక్కసారి దద్దరిల్లింది. నెత్తి బాదుకున్నారు. అన్ని నెత్తులూ టపటపలాడాయి. నడుం మీద చేతులు వేసుకుని, వీళ్లనేం చెయ్యాలిరా దేవుడా అన్నట్టు తల అటూ ఇటూ ఆడించారు. ఇన్ని నెలల తర్వాత కేంద్రంలో అందరూ ఒక్క తాటి మీద నడవడం అదే మొదలు. ఇక వీళ్లకేసి చూడనే కూడదనుకుని, వెనక్కి తిరిగి గోడకు తల ఆనించి నిలబడ్డారు. మనసులో భార్యకు చెప్పుకున్నారు. ఆవిడ ఉంటే ఇప్పటికి పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉండేది. సహాయం మాత్రం చేసేది కాదు.

ఇటు తిరిగేసరికి హాలంతా ఆయనకు వీపు చూపిస్తూ కుర్చీల్లో అటు తిరిగి ఉంది. అందరి మొహాలకూ ఎదురుగా, గుమ్మంలో, ఎంతసేపటి నుంచో నర్సమ్మ నిలబడి ఉంది.

సెక్రటరీ గారు, అంతా అయిపోయింది అనుకున్నారు. ఇక బాబాయికి సాయంత్రం ఫోను చేసి ఏం చెప్పాలి?

అంతలో నర్సమ్మ భుజం పక్కనుంచి ఆయన కూతురు దూసుకొచ్చింది. చెప్పులు రెండు రకాలవి. వచ్చే తొందరలో తేడా చూసుకోలేదు.

"నాన్నా! జ్వరమని చెప్పరేం? మాత్ర కూడా వేసుకోలేదట! ఈ వయసులో సెక్రటరీగిరీ ఎందుకని నేను మొత్తుకుంటూనే ఉన్నాను!"

నర్సమ్మ కళ్లు చిట్లించింది. "ఎవరికి జ్వరం?"

"సెక్రటరీ గారికండీ" అన్నాడు కల్నల్, మడమలు కలిపి నిటారుగా నిలబడి. "గుమ్మంలోనే పట్టుకున్నాను. గదిలో పెట్టి గడియ వేశాను. పావుగంటకోసారి చూస్తున్నాను. చాలా ఇబ్బంది పెట్టారు, అయినా వదల్లేదు."

నర్సమ్మ వెళ్లి గడియ తీసింది. సెక్రటరీ గారిని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, కాసేపాగి తన పరికరంతో చూసింది. ఈసారి కీచుమనలేదు.

"ఏమీ లేదే! ఎండలో ఏమైనా పని చేశారా?"

"కుర్చీలు మోశానమ్మా."

"మరి ఆ మాట చెప్పరేం?"

"ఇందాకటి నుంచీ అదే చెబుతున్నాను తల్లీ" అన్నారు సెక్రటరీ గారు నీరసంగా.

నర్సమ్మ నేల మీది గుండ్రాలు చూసింది, గోడ మీది రూల్సు చదివింది. "చాలా సెంటర్లు చూశానండీ" అంది. "అన్నిచోట్లా రూల్సు గోడ మీదుంటాయి, సెక్రటరీ మాత్రం దర్జాగా తిరుగుతుంటాడు. సెక్రటరీనే లోపలేసింది ఇక్కడే చూశాను. పైగా వ్యాయామం చేయించే మనిషిని అద్దం వెనక పెట్టారు. గాలి కలవదు, అరవక్కర్లేదు, చెవులు వినపడకపోయినా పర్లేదు. ఎవరిదండీ ఈ ఆలోచన?"

"మా సెక్రటరీ అన్నయ్యగారిదేనమ్మా. ఆయనకి మహా బుర్ర!" అంది టైలరమ్మ.

సెక్రటరీ గారు నిజం చెప్పడానికి నోరు తెరిచారు. ఎక్కడి నుంచో బొంగురు నవ్వొకటి వినిపించింది. వెనక వరసలో రేడియో బాబాయి నెత్తి మీద చేయి పెట్టుకుని, మాస్కు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు.

"ఆ టీవీ పిల్ల చెప్పేది నాకొక్క ముక్క వినపడదమ్మా" అని మొదలుపెట్టాడు. "పాత రోజుల్లో కూడా అంతే, అందరూ కుడి చెయ్యెత్తితే నేను ఎడం కాలెత్తేవాణ్ణి. ఇవాళ మావాడు చేసి చూపిస్తే ఒక్కటి తప్పలేదు, అడుగు వీళ్లని. ఆ నెత్తి కొట్టుకునేది ఉంది చూడూ, అది ఒంటికి చాలా మంచిది. మా మేనమామ ఒకాయన ఉండేవాడు, ఆయనా ఇంతే, పొద్దున లేస్తే..."

మేనమామ దగ్గర్నుంచి మేనమామ గుర్రానికీ, గుర్రం దగ్గర్నుంచి దాని పళ్లకూ వెళ్లాడు. నర్సమ్మ గడియారం చూసుకుంది, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుని నిలబడింది. మీట లేదు కదా. సెక్రటరీ గారు తెరిచిన నోరు మాస్కులోనే మూసుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిరి పట్టిందని కూతురికి చెప్పారు. కూతురు నమ్మినట్టు తల ఊపి, సంచీలోంచి బీపీ మాత్ర తీసి చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి తెరుచుకోండి" అంది నర్సమ్మ, గుర్రం కాస్త ఊపిరి తీసుకున్న సందులో. "కానీ ఒక షరతు. వ్యాయామం మాత్రం ఈ పద్ధతిలోనే, ఈయనే చేయించాలి. వేరే సెంటర్ల వాళ్లని చూడ్డానికి పంపిస్తాను." అట్ట మీద చివరి రూలు కింద ఆ మాట స్వయంగా రాసి, సంతకం పెట్టి వెళ్లింది.

మర్నాడు సెక్రటరీ గారు కుర్చీలు ముట్టుకోలేదు. నీడలో నడిచి వచ్చారు. కల్నల్ చూస్తే నుదురు చల్లగా ఉంది, పరికరం నోరెత్తలేదు. గాజు గది అద్దం తళతళలాడుతోంది, లోపల ఒక స్టూలు వేసి ఉంది.

"వేడి లేదుగా, చూశావుగా?" అన్నారు సెక్రటరీ గారు, ఆశగా.

కల్నల్ చూశానన్నట్టు తల ఊపి, ఆయన్ను మర్యాదగా లోపలికి పంపి, గడియ వేశాడు.