జనగామ అణువు

పదింటికి యంత్రాన్ని ఒకసారి నడిపి చూసుకోవాలి, పదకొండుకు యంత్రం ఇచ్చిన సంస్థ తరఫున హైదరాబాద్ నుంచి తనిఖీకి వచ్చే నిర్మల మేడంకు చూపించాలి. జనగామ కాలేజీలో పరిశోధన చేస్తున్న పల్లవి ఆ పొద్దున అనుకున్నది ఇంతే. మేడంకు నచ్చకపోతే యంత్రం వెనక్కి పోతుంది. దాంతోపాటు పల్లవి మూడేళ్ల చాకిరీ కూడా.

ఆ యంత్రం వాయువును సన్నని రంధ్రంలోంచి శూన్యంలోకి ధ్వని కంటే వేగంగా చిమ్ముతుంది. ఆ విసురుకు అణువులు మంచు కంటే ఎన్నో రెట్లు చల్లబడతాయి. వాటి మీదికి పరారుణ కాంతి పంపితే ఒక్కో అణువు తన గుర్తుగీతలు తెర మీద చూపిస్తుంది. ప్రిన్సిపాల్ రాంచందర్‌కు ఈ గొడవంతా అక్కర్లేదు. కొత్త బీరువా వచ్చినా, కొత్త మోటారు వచ్చినా ఆయనకు తెలిసిన పని ఒక్కటే.

"పూజ చెయ్యకుంట మిషిన్ ముట్టుకుంటవా అమ్మా? జర ఆగు," అని కొబ్బరికాయ కొట్టి హారతిచ్చాడు. పల్లవి పళ్లు బిగబట్టి సిలిండర్ దగ్గరికి పోయింది.

పూజయ్యాక ఉత్త ఆర్గాన్ వాయువు వదిలింది. ఆర్గాన్‌కు ఆ కాంతిలో గీతలుండవు, కాబట్టి తెర మీద ఒక్కటి కూడా రాకూడదు. తెర నిండా వచ్చాయి.

"సార్, ఎక్కడ్నో లీకున్నది."

"లీకేంది? ఖాళీ మిషిన్ల గిన్ని గీతలొచ్చినయంటే కొత్త అణువు దొరికినట్టే గద," అన్నాడు రాంచందర్. ముప్పయ్యేళ్లుగా పుస్తకం తెరవని మనిషికి మాత్రమే ఉండే ధైర్యం అది.

పావుగంటలో దానికి 'జనగామ అణువు' అని పేరు పెట్టాడు. అరగంటలో విలేకరులు దిగారు. పాలకుర్తి నుంచి ఆటోలో శాలువా వచ్చి ఆయన భుజాలకెక్కింది. జంతుశాస్త్రం చెప్పే లక్ష్మీకాంత్, "నేను మొదటిసంది చెప్తనే ఉన్న," అన్నాడు. ఏం చెప్తున్నావని ఏ విలేకరీ అడగలేదు.

నిర్మల మేడం వచ్చి తెర చూసింది. ఆర్గాన్ యంత్రంలోకి వెళ్లే దారిలో నమూనా పెట్టే గిన్నె ఉంటుంది. దాని మూత తీసి వాసన చూసింది.

"ఇందులో కర్పూరం ఎవరు పెట్టారు?"

"నేనే మేడం. మిగిలిన బిళ్లలు గాలికి కరిగిపోతయని మూతున్న గిన్నెల పెట్టిన," అన్నాడు రాంచందర్.

విలేకరులు పెన్నులు జేబుల్లో పెట్టుకున్నారు. ఇక యంత్రం పోయినట్టేనని పల్లవికి ఏడుపొచ్చింది. మేడం మాత్రం తెర దగ్గరికి జరిగింది.

"కర్పూరం గీతలు ఇంత సన్నగా, విడివిడిగా వచ్చాయంటే అణువులు బాగా చల్లబడ్డట్టే. ఇంతకంటే పరీక్ష ఏముంటుంది? యంత్రం ఇక్కడే ఉంటుంది."

"అందుకే పెట్టిన మేడం," అన్నాడు రాంచందర్, రెప్ప కూడా వేయకుండా.

ఆరు నెలలకు అచ్చయిన పరిశోధన వ్యాసంలో మొదటి పేరు రాంచందర్‌ది, రెండోది లక్ష్మీకాంత్‌ది. పల్లవి పేరు కృతజ్ఞతల్లో, కరెంటు పోకుండా చూసిన సిబ్బంది తర్వాత ఉంది.