ముందు కాలి వాపు

శనివారం పొద్దున వసంత్ చౌగులేకు పెద్ద పనులేమీ లేవు. గంగావేశ్ పేట పాలకట్ట దగ్గర, కళ్ళెదుటే బర్రెను పితికి పోసే నురగపాలు ఒక గ్లాసు తాగాలి. ఇంటికొచ్చి మాలన్ చేసే జొన్నరొట్టె తినాలి. ఆఫీసు మెట్లెక్కేలోగా ఫోనులో పదకొండు మంది ఆటగాళ్ళను ఏరుకోవాలి. పాలూ రొట్టే ఏ రోజైనా ఉండేవే. ఆ పదకొండు మంది సంగతే ఆ రోజు కొంచెం బరువైనది.

డబ్బు పెట్టి ఆడే ఫోను ఆటల మీద ఇంకా నిషేధం రాని రోజులవి. కొల్హాపూర్‌లో ఎవరి జేబులో చూసినా ‘గల్లీ కింగ్’ ఉండేది. ఆ రోజు జరగబోయే మ్యాచ్‌లోని రెండు జట్ల నుంచీ కలిపి మనకు నచ్చిన వాళ్ళను ఎంచుకోవాలి. వాళ్ళు నిజమైన మైదానంలో కొట్టిన పరుగులకూ తీసిన వికెట్లకూ ఇక్కడ మనకు పాయింట్లు పడతాయి. కెప్టెన్‌గా ఎవరిని పెట్టుకుంటే వాళ్ళ పాయింట్లు రెట్టింపు. టాస్ పడే ముందే జట్టు ఖాయం చేసెయ్యాలి, ఆ తరువాత తలకిందులైనా మార్చడానికి వీల్లేదు.

వసంత్ పనిచేసే చెప్పుల ఎగుమతి కంపెనీలో పది మంది కలిసి తమలో తాము ఒక పోటీ పెట్టుకున్నారు. తలా కొంత వేసుకున్నారు. ఆ ఏటి క్రికెట్ లీగ్ ముగిసేసరికి పట్టికలో ఎవరు పైనుంటే మొత్తం వాళ్ళది. ఆ రోజుది ఆఖరి మ్యాచ్. ప్యాకింగ్ సూపర్‌వైజర్ శిర్కే మొదటి స్థానంలో ఉన్నాడు. అతని వెనకే వసంత్. డబ్బు మాట అటుంచి, వసంత్‌ను నిద్రపోనివ్వనిది శిర్కే నోరు. “చౌగులే సాహెబ్ క్రికెట్ గురించి ఎంతైనా మాట్లాడగలరు. జట్టు మాత్రం ఎవరి చేతనైనా పెట్టించుకోవాలి” అని టీ వేళ రోజూ అనేవాడు.

చిక్కల్లా ఒక్కటే. సొంత ఊరి జట్టు పంచగంగ పహిల్వాన్స్‌కు ఓపెనర్ రణజిత్ పోవార్. వసంత్ ఇంటికి రెండు సందుల అవతలే అతని ఇల్లు. ఆ కుర్రాడు వరసగా బాదేస్తున్నాడు కాబట్టి పది మందీ అతన్నే కెప్టెన్‌గా పెట్టుకుంటున్నారు. అందరికీ ఒకే కెప్టెన్ అయితే ఎవరూ ఎవరినీ దాటలేరు. శిర్కేను దాటాలంటే, ఇంకెవరికీ తెలియనిదేదో వసంత్‌కు తెలియాలి.

అది పాలకట్ట దగ్గర తెలిసింది. బర్రెకు అటువైపు రణజిత్ తండ్రి బాజీరావు పోవార్ ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

“ఇవాళ మావాడు దిగడు. ముందు కాలు వాచింది... నిన్న పచ్చిక మీద జారాడు. బరువు మోపలేకపోతున్నాడు, రాత్రి తిండి కూడా ముట్టలేదు... వాణ్ణి చూడ్డానికే జనం వస్తారని నాకు తెలీదా? బలవంతాన దింపితే జన్మంతా కుంటుతాడు. ఎవరితోనూ అనకు, ఇంతకాలం తెచ్చుకున్న పేరు పోతుంది.”

బర్రె తోక మొహానికి తగిలినా వసంత్ కదల్లేదు. బ్యాట్స్‌మన్‌కు ముందు కాలు వాచిందంటే ఇక మిగిలిందేముంది? పక్కకొచ్చి పలకరిస్తే బాజీరావు జాగ్రత్తపడి మాట దాటేస్తాడు. పైగా అడిగి తెలుసుకున్న కబురు ఇద్దరి సొత్తవుతుంది. పాలు గడగడా తాగి ఇంటికొచ్చేశాడు.

మాలన్ రొట్టె కాలుస్తూ అంతా విన్నది. “పాపం, ఎలా ఉందని అడిగారా?”

“అడిగితే చెబుతారా? అది రహస్యం.”

“పక్కసందు కుర్రాడి కాలు వాస్తే, పలకరించడానికి కూడా లాభనష్టాలు చూసుకోవాలా మీరు?”

వసంత్ ఫోను తీశాడు. రొట్టె నములుతూనే రణజిత్‌ను జట్టులోంచి తీసేసి, అవతలి జట్టు స్పిన్నర్‌ను కెప్టెన్ చేశాడు.

ఆ రహస్యాన్ని సాయంత్రం దాకా కడుపులో దాచుకోవాలనే అతని ఉద్దేశం. కానీ డిస్పాచ్ గుమాస్తా నందూ సుతార్ ఎదురుపడ్డాడు. నందూ చిన్ననాటి స్నేహితుడు, పట్టికలో అట్టడుగున ఉన్నవాడు. వాడికి చెబితే వచ్చే నష్టమేమీ లేదు. చెప్పకపోతే మాత్రం ఇంత గొప్ప కబురు తన దగ్గరుందన్న సంగతి లోకంలో ఎవరికీ తెలియకుండా పోతుంది.

“నీలోనే ఉండాలి” అన్నాడు వసంత్.

“మా అమ్మ మీద ఒట్టు” అన్నాడు నందూ.

నందూ చెడ్డవాడు కాదు. జాలిగుండె. అతను ఆ కబురును పోటీ రహస్యంగా కాక, పాపం ఒక కుర్రాడికి వచ్చిన కష్టంగా నలుగురితో పంచుకున్నాడు. టీ వేళకు వాపు కాస్తా బెణుకైంది. భోజనాల వేళకు మోకాలి చిప్ప పగిలింది. గోడౌన్ నుంచి వచ్చినవాడు, ముంబయిలో ఆపరేషనుకు మంచం కూడా దొరికిందని చెప్పాడు. తొమ్మిది మందీ రణజిత్‌ను తీసేశారు. శిర్కే అయితే వసంత్ బల్ల దగ్గరకే వచ్చి, “ఇంత ఉపకారం చేస్తారనుకోలేదు సాహెబ్. మోకాలి కబురు మీ దగ్గర్నుంచే బయల్దేరిందట కదా” అన్నాడు.

వసంత్ నందూను మూలకు లాగాడు. “ఒట్టు పెట్టావు కదరా.”

“ఆటగాళ్ళకు చెప్పనని ఒట్టు పెట్టాను అనుకున్నాను. ఆఫీసులో వాళ్ళు మనవాళ్ళే కదా. వస్తాదుకు కూడా ఫోన్ చేశాను. కాలంటే ఆయన ఊరుకుంటాడా, నూనె సీసా పట్టుకుని అప్పుడే బయల్దేరాడు.”

హిందూరావు వస్తాదు నందూ కుస్తీ నేర్చుకునే తాలీమ్‌కు పెద్ద. డెబ్భై దాటినా ఊళ్ళో బెణికిన కాలు ఏదైనా ఆయన చేతుల్లోంచి పోవాల్సిందే. కానీ వసంత్ చెవికి ఆ చివరి మాట ఎక్కలేదు. తన రహస్యం తొమ్మిది ముక్కలైపోయిన బాధలో ఉన్నాడతను. మళ్ళీ అందరూ సమానమే, మళ్ళీ శిర్కేనే పైన.

భోజనం సయించక బయటికి నడిచాడు. పశువుల ఆసుపత్రి ముందు ఒక టెంపో ఆగి ఉంది. దాని మీద నుంచి తెల్లటి ఎద్దును నలుగురు పట్టుకుని దింపుతున్నారు. ఎద్దు కొమ్ములకు గులాబిరంగు, మెడలో గజ్జెలు, ముందు కాలికి కట్టు. పగ్గం బాజీరావు చేతిలో ఉంది.

వసంత్ దగ్గరకు నడిచాడు. “కాకా, రణజిత్ కాలు ఎలా ఉంది?”

“రణజిత్ కాలికేం? వాడు బానే ఉన్నాడు. పొద్దునే పరిగెత్తి వచ్చి, తిని పడుకున్నాడు. వాపు మా సర్జాకు. ఇవాళ బండిపందెం ఉంది, దింపకుండా ఆపేశాను.” బాజీరావు ఎద్దు గంగడోలు నిమిరాడు. “ఇద్దరూ నాకు కొడుకులే. వీడు కాస్త మాట వింటాడు, అంతే తేడా.”

వెనక్కి నడుస్తుంటే వసంత్‌కు రెండు ఆలోచనలు వచ్చాయి. మొదటిది, వెళ్ళి అందరికీ నిజం చెప్పెయ్యాలని. రెండోది, రణజిత్ బ్రహ్మాండంగా ఆడబోతున్నాడనీ, అతన్ని జట్టులో పెట్టుకున్నవాడు ఆఫీసులో ఒక్కడూ లేడనీ. మెట్ల కింద దాకా మొదటి ఆలోచనే గెలుస్తూ వచ్చింది. మెట్ల మీద శిర్కే నిలబడి ఉన్నాడు.

“ఏం సాహెబ్, కొత్త కబుర్లేమైనా ఉన్నాయా? మీరు చెబుతూ ఉండండి, మేం గెలుస్తూ ఉంటాం.”

“ఏం లేవు” అన్నాడు వసంత్.

లోపల నందూ ఫోను చూపించాడు. “ఒకసారి చూడు. రణజిత్‌ను తీసేసి నీ స్పిన్నర్‌నే కెప్టెన్‌గా పెట్టాను. బాగుందా?”

అక్కడ వసంత్‌కు మనసులో కాస్త గుచ్చుకుంది. అయినా నోరు మాత్రం, “బాగుంది” అనే అన్నది. తరువాత మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, రణజిత్ పోవార్‌ను మళ్ళీ కెప్టెన్‌గా పెట్టుకున్నాడు.

శనివారం కాబట్టి మధ్యాహ్నానికే పని అయిపోయింది. పది మందీ గోడౌన్‌లో చెప్పుల పెట్టెల మీద కూర్చుని, గోడకు ఆనించిన ఒక ఫోనులో మ్యాచ్ చూశారు. టాస్ పడింది. పంచగంగ బ్యాటింగ్. హెల్మెట్ సర్దుకుంటూ రణజిత్ మైదానంలోకి వచ్చాడు.

పెట్టెల మీద ఉన్నవాళ్ళంతా ఫోను మీదికి వంగారు.

“ముంబయిలో ఆపరేషన్ అన్నారు” అన్నాడు ఒకడు.

“ఎవరన్నారు?” అన్నాడు శిర్కే, నందూ వైపు తిరుగుతూ. నందూ చిన్నబోయి వసంత్ వైపు చూశాడు. వసంత్ మొహాన్ని వీలైనంత విచారంగా పెట్టుకుని ఫోనుకేసి చూస్తూ ఉండిపోయాడు. లోపల మాత్రం పెళ్ళి బాజాలు మోగుతున్నాయి.

మొదటి బంతి. అలవాటు ప్రకారం రణజిత్ ముందు కాలు చాచి డ్రైవ్‌కు వెళ్ళాడు. ఆ కాలు అతని బరువు ఆపలేదు. మోకాలు మడతపడింది, బ్యాటు ఒకవైపు, మనిషి ఒకవైపు, బంతి పోయి వికెట్లకు తగిలింది. ఇద్దరు పట్టుకుంటే కుంటుకుంటూ బయటికి నడిచాడు.

కొల్హాపూర్‌లో పుట్టి పెరిగిన తొమ్మిది మంది, కొల్హాపూర్ కుర్రాడు సున్నాకు అవుటయ్యాడని పెట్టెల మీద నుంచి లేచి కేకలు వేశారు. వేశాక ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంచెం సిగ్గుపడి, ఆ సిగ్గు పోవడానికి అందరూ కలిసి వసంత్‌ను భుజాల మీదికెత్తారు. “జోస్యమంటే నీదే భావూ” అన్నాడొకడు. “ఇన్నాళ్ళూ ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకండి” అన్నాడు శిర్కే. భుజాల మీద ఉండి వసంత్ తన పాయింట్లు లెక్కవేసుకుంటున్నాడు. సున్నాకు అవుటైతే పాయింట్లు పోతాయి. కెప్టెన్ అయితే పోయేవీ రెట్టింపే.

మ్యాచ్ అయిపోయి పట్టిక వచ్చింది. ఆ రోజు మొదటి స్థానం నందూది. లీగ్ మొత్తానికి శిర్కేది. ఆ రోజు వరసలో అట్టడుగున చౌగులే, అతని పేరు కింద కెప్టెన్ రణజిత్ పోవార్. శిర్కే ఆ వరస రెండుసార్లు చదివాడు.

అతను నోరు తెరిచేలోపే గోడౌన్ తలుపు దగ్గర మోటార్‌సైకిల్ ఆగింది. బాజీరావు లోపలికొచ్చాడు. వెనకాల తల వంచుకుని హిందూరావు వస్తాదు, చేతిలో సగం ఖాళీ అయిన నూనె సీసా.

“నేను ఎద్దును తీసుకుని ఆసుపత్రికి పోతే, ఈయన మా ఇంటికొచ్చాడు” అన్నాడు బాజీరావు. “పడుకున్నవాణ్ణి లేపి, ఏ కాలురా అన్నాడట. నాకేం కాలేదు వస్తాద్ అన్నాడట మావాడు. పెద్దాయన మీద కాలు విదిలించలేక ఊరుకున్నాడు.”

“నొప్పి లేదన్నవాడికే ఎక్కువ నొప్పి ఉంటుంది” అన్నాడు వస్తాదు మెల్లగా. “నా అనుభవంలో చూశాను. తిప్పితే టక్కుమంది. ఎముక కూర్చుందనుకున్నాను.”

“కూర్చోలేదు, లేచింది. ఎవరికీ చెప్పకుండా కట్టు కట్టుకుని ఆటకు పోయాడు వెర్రివాడు. ఇప్పుడు డాక్టరు నెల రోజులు మంచం దిగొద్దన్నాడు. వాళ్ళమ్మ పక్కనే కూర్చుంది. మా అబ్బాయి కాలు విరిగిందని ఈయనకు ఈ ఆఫీసు నుంచే ఫోన్ వచ్చిందట. ఎవరు పుట్టించారా మాట?”

అందరూ నందూ వైపు చూశారు. నందూ వసంత్ వైపు చూశాడు. “వీడే చెప్పాడు కాకా.”

“అది అయ్యుండదు” అన్నాడు శిర్కే. ఫోను తీసి బాజీరావు ముందు పెట్టాడు. “చౌగులే సాహెబ్‌తో నాకు పడదు, అది వేరే సంగతి. కానీ ఇది చూడండి. మేమందరం మీవాణ్ణి తీసేశాం. ఈయనొక్కడే కెప్టెన్‌గా పెట్టుకున్నాడు, డబ్బు పోగొట్టుకున్నాడు. కాలు పోయిందని పుకారు పుట్టించినవాడు ఇలా చేస్తాడా?”

నందూ మొహం పాలిపోయింది. ఆ మొహం చూశాక వసంత్‌కు ఇక ఉండబట్టలేదు.

“నేనే చెప్పాను కాకా” అన్నాడు. “పొద్దున పాలకట్ట దగ్గర మీరు ఫోనులో అన్నది విని, రణజిత్ గురించే అనుకున్నాను. మధ్యాహ్నం అసలు సంగతి తెలిసినా వీళ్ళకు చెప్పలేదు. నందూ తప్పేం లేదు.”

బాజీరావు అతని దగ్గరకు వచ్చాడు. కళ్ళు చెమర్చాయి.

“నేను మాట్లాడింది ఎద్దు గురించి. అది వింటే చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. స్నేహితుణ్ణి కాపాడ్డానికి మరీ ఇంత పిచ్చి అబద్ధం ఆడాలా?” అంటూ వసంత్ భుజం మీద చెయ్యి వేశాడు. “ఊళ్ళో పుకారు పుడితే, నడిరోడ్డు మీద ఆపి మావాడి కాలెలా ఉందని అడిగినవాడివి నువ్వొక్కడివే. నాకు గుర్తులేదనుకున్నావా?”

వసంత్ మళ్ళీ చెప్పాడు. ఎంత వివరంగా చెబితే వాళ్ళు అంతగా కరిగిపోయారు. వస్తాదైతే అతని రెండు చేతులూ పట్టుకుని, తాలీమ్‌లో ఇలాంటి శిష్యుడు తనకు దొరకలేదన్నాడు. నందూ మాత్రం వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, “నా జట్టు బాగుందని నువ్వే అన్నావు. గెలిచింది కూడా. నీ మీద కోపం తెచ్చుకోవాలో, దండం పెట్టాలో తెలియట్లేదు. సోమవారం దాకా నాతో మాట్లాడకు” అని వెళ్ళిపోయాడు.

చీకటి పడకముందే వసంత్ ఇల్లు చేరాడు. చంకలో బాజీరావు పట్టుబట్టి ఇచ్చిన బెల్లం దిమ్మ ఉంది.

“ఇదేమిటి?” అన్నది మాలన్.

“నా మంచితనానికి ఇచ్చారు.”

ఆవిడ పీట వాల్చి కూర్చోబెట్టింది. అతను పాలకట్ట దగ్గర మొదలుపెట్టి మరుగుదొడ్డి గడియ దాకా, అక్కణ్ణుంచి బెల్లం దాకా దాచకుండా చెప్పాడు.

“రేపు పొద్దునే వాళ్ళింటికి వెళ్ళి, ఆ పిల్లాడితో ఇదంతా చెప్పండి.”

“ఎవరికి చెప్పినా నమ్మడం లేదే.”

“నమ్మేదాకా చెప్పండి.”

“నువ్వు నమ్మావా?”

“మీరు చేశారంటే ఎందుకు నమ్మను?” అన్నది మాలన్.

ఆ రోజు మొత్తానికి అతని మాట మొదటిసారికే నమ్మిన మనిషి ఆవిడే. నమ్మి, బెల్లం ఉట్టి మీద పెట్టి, ఫోను తన కొంగున ముడివేసుకున్నది.