సింధూర టీచరు పట్టని వ్రతం

ఆ పొద్దున్న సింధూర పెట్టుకున్న పని చాలా చిన్నది. అమ్మ ఇచ్చిన రాగిజావ తాగడం, మేడ గదిలో అద్దం ముందు కూర్చోవడం, "స" అనడం. విజయవాడలో దవడ ఆపరేషన్ చేయించుకుని చల్లపల్లి ఇంటికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ముఖం బూరెలా ఉబ్బింది. కింది పెదవికి స్పర్శ తెలియడం లేదు. పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి రబ్బరు బ్యాండ్లు బిగించారు. "దవడ నేను సరిచేశాను. నాలుక మాత్రం పాత చోటుకే పోతుంది. దానికి కొత్త అలవాటు నువ్వే నేర్పాలి, రోజూ పైకి పలుకు," అని డాక్టరు చెప్పి పంపాడు.

చిన్నప్పటి నుంచీ ఆమె కింది దవడ ముందుకు ఉండేది. పళ్ళు కలవక "స"లన్నీ "థ"లయ్యేవి. ఊళ్ళోని ప్రైవేటు బడిలో పదో తరగతికి సోషల్ చెప్పేది. పిల్లలు వెక్కిరిస్తున్నారని ప్రిన్సిపాల్ దుర్గాశ్రీనివాస్ వెక్కిరించే పిల్లల్ని వదిలేసి, ఆమె దగ్గర్నుంచి తరగతి తీసేసుకున్నాడు. లైబ్రరీలో కూర్చోబెట్టాడు. అక్కడ రెండు బీరువాలున్నాయి, రెండింటికీ తాళాలే. బడిలో కారణం చెప్పకుండా పెట్టిన సెలవు అయ్యేలోగా మాట సాధన చేసి ఆ తరగతిని వెనక్కి తెచ్చుకోవాలన్నది సింధూర పంతం.

తల్లి లలితాంబ భయం వేరు. "అందం కోసం మొహం కోయించుకుందంటారే. ఎవరి కంటా పడకు," అని రోజూ చెప్పేది. ఆ పొద్దున్న సింధూర జావ గ్లాసు కోసం కిందికి దిగేసరికి, కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి రావమ్మ ఎదురుగా ఉంది.

"అమ్మాయి పలకదేంటండీ లలితాంబగారూ?"

"మౌనవ్రతం అండీ," అనేసింది లలితాంబ. నోటికొచ్చిన మొదటి మాట అదే.

"మరి భోజనం?"

"జావేనండీ. ఉపవాసం."

"అందుకే మొహంలో ఆ కళ," అంటూ రావమ్మ ఆ వాపుకు చేతులు జోడించింది.

సింధూరకు ఒళ్ళు మండింది. అబద్ధమని చెప్పబోయి, తల్లి కళ్ళలో నీళ్ళు చూసి ఆగింది. విసురుగా మేడెక్కి కిటికీ దగ్గర సాధన మొదలుపెట్టింది. "స, స, స. సి, సి, సి. శ, శ, శ." కిటికీ కింద రావమ్మ ఇంకా కదల్లేదు.

"బీజాక్షరాలు," అని ఆమె వీధంతా చెప్పింది. మౌనంలో ఈ చప్పుడేమిటని ఎవరో అడిగితే, "మౌనం మనుషులతోనండీ, దేవుడితో కాదు," అంది.

ముందు వచ్చింది హంసలదీవి నుంచి చేపలు తెచ్చి అమ్మే గంగాదేవి. "మా ఆయన రేపు వేటకెళ్తానంటున్నాడు. పంపమంటారా అమ్మా?" అని అడిగింది. సింధూర పెదవి మీద జారిన జావను తువ్వాలుతో అటూ ఇటూ తుడుచుకుంది. గంగాదేవి దాన్ని వద్దనడంగా తీసుకుని మొగుణ్ణి ఆపేసింది. మర్నాడు సముద్రం రేగి, వెళ్ళిన పడవలు చిరిగిన వలలతో తిరిగొచ్చాయి.

ఇక ఆ ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. ఒకామె గేదె చూడి గురించి, ఒకాయన ఆర్టీసీ బదిలీ గురించి అడగడానికి వచ్చారు. లలితాంబ మొదట హడలిపోయింది, తరువాత అందరికీ కాఫీలిచ్చింది, ఆ తరువాత వరస తప్పినవాళ్ళను కసిరింది. సింధూరకు "స" పలికే తీరికే లేకుండా పోయింది. ఇన్నేళ్ళూ దవడ పలకనివ్వలేదు, అది బాగయ్యాక భక్తులు పలకనివ్వడం లేదు. సెలవు మాత్రం కరిగిపోతోంది.

ఆదివారం రావమ్మ వీధిలో షామియానా వేయించింది. ముందు వరుసలో పట్టుపంచె కట్టి, కొబ్బరికాయ పట్టుకుని కూర్చున్నవాడు దుర్గాశ్రీనివాస్. ఆయన బడిలో ఆ మధ్య పరీక్షలో సగం తరగతి సోషల్ తప్పింది.

"అమ్మా, మా పదో తరగతి బాగుపడాలంటే ఏం చెయ్యాలో సైగ చెయ్యండి చాలు. ఇంతమంది ముందు చెప్తున్నాను, మీ మాట దాటను," అన్నాడు.

"థైగ చెయ్యను," అంది సింధూర.

రావమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"ఇది వ్రతం కాదు, దవడ ఆపరేషన్. నేనే కావాలని చేయించుకున్నాను. మీరేమంటారోనని భయపడి అమ్మ అబద్ధం చెప్పింది. నా మాట ఇంకా కుదరలేదు. పూర్తిగా కుదరకపోవచ్చని డాక్టరే అన్నాడు. కుదిరినా కుదరకపోయినా థోషల్ నేనే చెప్తాను. నా తరగతి నాకివ్వండి."

లలితాంబ తల దించుకుంది. దుర్గాశ్రీనివాస్ గొంతు సవరించుకున్నాడు. "అంటే, నేను వ్రతం అనుకుని మాటిచ్చానండీ..."

వెనక నుంచి గంగాదేవి లేచింది. "ఆపరేషనైతే ఏంటండీ? మా అమ్మాయి దివ్యశ్రీది మీ బడే. దాని దవడా ఇంతే. పాటల పోటీలో నోరు మెదపకుండా వెనక నిలబడమన్నారంట. ఆ టీచరుగారికి తరగతి ఇచ్చెయ్యండి."

వ్రతం పోయిన బాధ కన్నా ప్రిన్సిపాల్ దొరికిన సంతోషం ఎక్కువైన జనం, "ఇచ్చెయ్యండి" అన్నారు. లలితాంబ మెల్లగా తలెత్తింది. డాక్టరు నంబరు కావలసినవాళ్ళు వరసలో రావాలంది.

తరగతికి తిరిగి వెళ్ళిన మొదటి రోజు వెనక బెంచీలోంచి ఎవడో "థోషల్" అన్నాడు. సింధూర వాణ్ణి లేపి, కృష్ణా డెల్టా కాలువలన్నీ వాడి చేతే చెప్పించింది. నెల తిరిగేసరికి, బెల్లు కొట్టినా టీచరు మాట ఆపడం లేదని తరగతి మొత్తం వెళ్ళి ప్రిన్సిపాల్‌కు మొరపెట్టుకుంది.

సింధూర పట్టని మౌనవ్రతం ఆయన పట్టాడు.